నాలుగు వేళ్ల ఖాళీ

చెన్నకేశవులుకు వచ్చిన కోపం మూడు రోజులైనా దిగలేదు. కర్నూల్లో బస్సెక్కినప్పటి నుంచి పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. బస్సు దిగి నల్లమలలోకి ఆరు మైళ్లు నడిచి, మద్దిలేటి గుడిసె ముందుకు వచ్చేసరికి మొహం కందగడ్డలా అయింది. చేతిలో నలిగిపోయిన పేపరు ముక్క ఉంది.

కర్నూల్లో అతని బొమ్మలు మొదటిసారి నలుగురి ముందు పెట్టారు. చూసిపోయిన పెద్దమనిషి ఎవరో జిల్లా పేజీలో రాసేశాడు. ఇవి మద్దిలేటి బొమ్మలకు జిరాక్సులట. కొండలు ఎత్తుకొచ్చాడు, వెదురు ఎత్తుకొచ్చాడు, చివరికి ఆయన బొమ్మ అడుగున ఉండే నాలుగు వేళ్ల ఖాళీని కూడా ఎత్తుకొచ్చాడట. వచ్చే నెల విజయవాడ ప్రదర్శనలో ఒక గోడంతా కేశవులు బొమ్మలకే ఇస్తామన్నవాళ్లు అది చదివి ఫోన్ చేశారు. మద్దిలేటి చేత ఒక ఉత్తరం రాయించుకురా, లేదంటే గోడ ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆ గోడను నమ్ముకునే అతను మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా పని మానేశాడు.

మద్దిలేటి ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకున్నవాడు కాదు. అటవీ శాఖలో అగ్గి కాపలాదారు. ఎండాకాలమంతా గట్టు మీది కర్ర మంచె ఎక్కి, అడవిలో ఎక్కడ పొగ లేస్తుందో చూస్తూ కూర్చోవడం ఆయన పని. మిగతా రోజుల్లో చెట్లకు పెయింటుతో నంబర్లు వేసేవాడు. డబ్బాల అడుగున మిగిలిన పెయింటుతో, పాత ఫారాల వెనక, మంచె మీది నుంచి కనపడే అడవిని వేయడం మొదలుపెట్టాడు. బెరడు మీద నంబరు వేసేవాడికి దిద్దుకునే వీలుండదు కాబట్టి, ఇప్పటికీ ఒకసారి పెట్టిన గీతను మళ్లీ ముట్టుకోడు. రిటైరై తొమ్మిదేళ్లయింది, శాఖవాళ్లు మంచెను వదిలేశారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే ఎక్కుతాడు.

ఆయన ఏ బొమ్మ చూసినా అడుగున నాలుగు వేళ్ల మేర ఉత్త కాగితమే. దానికి పట్నం వాళ్లు చెప్పని అర్థం లేదు. ఒకరు శూన్యమన్నారు, ఒకరు మౌనమన్నారు, ఇంకొకరు భూమాతకు దండమన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందరికంటే ఎక్కువ చెప్పింది మన కేశవులే. ఒంగోలు కాలేజీలో ఆ ఖాళీ మీద గంటసేపు ఉపన్యాసమిచ్చి, శాలువా కప్పించుకుని వచ్చాడు.

మద్దిలేటి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. కేశవులు పేపరు ముక్క ఆయన ముందు పడేసి దెప్పడం మొదలుపెట్టాడు. ఆరేళ్లు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నీ గుమ్మం పట్టుకుని వేలాడితే ఒక్క ముక్క నేర్పలేదన్నాడు. వచ్చినప్పుడల్లా నువ్వు మంచె ఎక్కేవాడివి, నన్ను అడవిలోకి పొమ్మనేవాడివి, ఒక్కనాడైనా పైకి రమ్మన్నావా అని నిలదీశాడు.

అదీ నిజమే. కాని అడవిలోకి పొమ్మంటే ఈయనగారు పోయిందెంత దూరం? వాగు దాకా పోయి, రాతి మీద ఓ గంట కూర్చుని, పెద్దాయన మంచె ఎక్కేశాడని తేలగానే గుడిసెకు తిరిగొచ్చేవాడు. లోపల ఆరబెట్టిన బొమ్మలు చూసి గీసుకునేవాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. పేపరాయన మీద అంత మంట అందుకే.

కేశవులు తెల్ల కాగితం, పెన్ను తీసి చింతపండు పక్కన పెట్టాడు. "ఆ ఖాళీ మన పద్ధతి, నేనే నేర్పించినా అని రాయి పెద్దాయనా. రెండు ముక్కలు చాలు. నా బతుకు దాని మీదుంది."

మద్దిలేటి చేతులు కడుక్కున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తాను గీసే అట్ట చంకన పెట్టుకుని, అతన్ని గట్టు మీది మంచె కిందికి తీసుకుపోయాడు. "రా, పైకెక్కు. పద్నాలుగు మెట్లు. తొమ్మిదోది పుచ్చింది, చూసి కాలు పెట్టు," అన్నాడు.

పైన ఒక గోనెపట్టా, ఒక నీళ్ల సీసా తప్ప ఏమీ లేవు. మద్దిలేటి అతన్ని భుజం పట్టి గోనెపట్టా మీద కూర్చోబెట్టి, తన బొమ్మల అట్ట ఒడిలో పెట్టాడు.

"పైనుంచి చెప్పుకుంటా రా. ఏం కనపడుతుంది?"

కేశవులు విసుక్కుంటూనే చెప్పాడు. ఆకాశం. దాని కింద నీలంగా దూరపు కొండలు. ఇవతల వెదురు, మద్ది చెట్ల తలలు.

"దాని కింద?"

దాని కింద పలక. మనిషి జారి పడిపోకుండా శాఖవాళ్లు ఎప్పుడో అడ్డంగా కొట్టిన టేకు పలక, కూర్చున్నవాడి రొమ్ము ఎత్తున ఉంది. దాని అవతల ఏముందో లేచి నిలబడితే తప్ప తెలియదు. కేశవులు ఒడిలో అట్ట మీది బొమ్మను చూశాడు, పలకను చూశాడు. చెయ్యి చాచి వేళ్లు అడ్డం పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్లు.

అప్పుడు వచ్చింది అసలు కోపం. ఒంగోలు శాలువా గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. ఆరేళ్లలో ఒక్కసారి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదని అరిచాడు.

మద్దిలేటికీ కోపమొచ్చింది. ఆయన గొంతు లేవడం కేశవులు అంతకుముందు వినలేదు.

"నన్ను నువ్వు అడిగిందెప్పుడు? ఊరూరా చెప్పుకుంటా తిరిగినావు గాని." ఆయన పలక మీద చెయ్యి వేశాడు. "నాకు పలక అడ్డం. నువ్వు కూచునే కాడ నీకేం అడ్డమో ఎప్పుడన్నా చూసినావా?"

కేశవులు దడదడా దిగాడు. తొమ్మిదో మెట్టు ఫట్టున విరిగి మోకాలు చెక్కుకుపోయింది. అయినా ఆగలేదు. గుడిసెలో సంచి తీసుకుని, కుంటుకుంటూ వాగు దాకా వచ్చి, మోకాలు కడుక్కుందామని ఎప్పుడూ కూర్చునే రాతి మీదే కూర్చున్నాడు. ఇక ఈ అడవి మొహం చూడకూడదనుకున్నాడు. లేవబోతూ తలెత్తాడు.

ఎదురుగా గట్టు మీద, కొండల్ని నిలువునా రెండుగా చీలుస్తూ మంచె నిలబడి ఉంది. ఆరేళ్లుగా అక్కడే ఉంది. ఆ రాతి మీద కూర్చున్నవాడికి అది అడ్డం రాకుండా కొండ కనపడదు. అతని ఒక్క బొమ్మలోనూ అది లేదు. పెద్దాయన బొమ్మల్లో లేదు కాబట్టి.

సంచి దించి కాగితం, బొగ్గు తీశాడు. కోపం తగ్గలేదు, ఆ కోపంతోనే గీశాడు. కాగితం నడిమధ్యన, పై అంచు నుంచి కింది అంచు దాకా మంచె ఒక్కటే. కొండలు దానికి రెండు పక్కలా మిగిలిన చోట ఇరుక్కున్నాయి. గీసినదాన్ని బొటనవేలితో రుద్దేశాడు, మళ్లీ గీశాడు, మళ్లీ రుద్దాడు. అడుగున ఎక్కడా ఖాళీ లేదు.

పొద్దు వాలుతుండగా మద్దిలేటి వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"మెట్లు పద్నాలుగు గదప్పా. పదమూడే వేసినావు."

"పదమూడే ఉండాయి," అన్నాడు కేశవులు తల తిప్పకుండా. "ఒకటి ఇందాక విరిగింది."

మద్దిలేటి జేబులోంచి తెల్ల కాగితం తీసి మడతలు విప్పాడు. "రాసియ్యనా?"

కేశవులు కాగితం అందుకున్నాడు. బొగ్గు అంటిన వేళ్లు దానికి తుడుచుకుని, మంచె మీది పలక గీయడం మొదలుపెట్టాడు.