కాసుకు కడవెడు మందు

మందు తాగినా జ్వరాలు తగ్గలేదు. కుందవర రాజ్యంలో ఆ ఏడు జరిగిన తప్పు అదే.

రాజు రణధవళుడు ఒప్పుకోలేదు. "ఇంత చవకగా మందు కొన్న రాజు ఇంకొకడున్నాడా?" అని మీసం దువ్వేవాడు.

జ్వరానికి రాజవైద్యులు వెండి బుంగలో ఇచ్చే కషాయం వంద కాసులు. అదే కషాయం కొండవైద్యుడు మట్టికడవలో ఇరవైకి ఇచ్చేవాడు. రాజుకు అదీ ఎక్కువే అనిపించింది. సభలో వేలంపాట పెట్టించి, ఎవరు తక్కువకు పాడితే వాళ్ళ మందే ధర్మవైద్యశాలకు కొనేవాడు. కిందటి పాట వర్తకుడు భద్రయ్య సెట్టికి దక్కింది.

ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డది మాచాంబ. ఆమె కూతురు ఇప్పుడు ఆ వైద్యశాలలోనే కన్ను తెరవకుండా పడివుంది. పోస్తున్నది భద్రయ్య మందే.

మళ్ళీ పాట మొదలైంది.

"కడవ ఇరవై కాసులు," అన్నాడు కొండవైద్యుడు.

"పది!" అన్నాడు భద్రయ్య.

"ఒక్క కాసు," అంది మాచాంబ.

సభ గొల్లుమంది. రాజు నవ్వలేదు. "పరాచికాలకు ఇది చోటు కాదు. పాడినవాళ్ళు సరుకు తేకపోతే చెయ్యి నరికిస్తాను."

"సరుకు గుమ్మంలోనే ఉంది, ప్రభూ."

బంట్లు కడవ తెచ్చారు. రాజు వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మొహం జేవురించింది.

"ఇవి బావినీళ్ళు!"

"అవును, ప్రభూ."

"ఎవడక్కడ? కత్తి తెండి!"

కత్తి వచ్చింది. మాచాంబ చెయ్యి చాచింది.

"నరికించండి. కానీ ఈ పాటకు తమరు వేయించిన చాటింపులో ధర తగ్గాలన్నారే గానీ, జ్వరం తగ్గాలని ఎక్కడైనా ఉందా?"

ఆమె రెండో చేత్తో కొంగుచాటు నుంచి చిన్న చెంబు తీసింది. "నా బిడ్డకు పోస్తున్న మందు ఇది. ఇదీ రుచి చూడండి."

రాజు చూశాడు. భద్రయ్య వైపు తిరిగాడు. "ఇవీ నీళ్ళే కదయ్యా!"

"పసుపు కలిపానండి, మహాప్రభో! ఒంటికి మంచిది..."

"చిటికెడు పసుపుకు తొమ్మిది కాసులా, సెట్టిగారూ?" అంది మాచాంబ.

రాజు కత్తి తీసెయ్యమని సైగ చేసి, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. నరకబోయిన చేతికి తన కంకణం తొడిగి, మందుల కొనుగోలు అధికారం ఆమెకే అప్పగించాడు. భద్రయ్యను బంట్లు అవతలికి ఈడ్చుకుపోయారు.

కంకణం వంక చూడకుండా మాచాంబ కొండవైద్యుణ్ణి వెంటబెట్టుకుని వైద్యశాలకు పరుగెత్తింది. కషాయం పడ్డాక కూతురు కళ్ళు తెరిచి గంజి అడిగింది.

బుంగ వెండిదైనా మట్టిదైనా, జ్వరం దిగాకే సొమ్ము ఇవ్వాలని మాచాంబ ఆనాడే నిర్ణయించుకుంది. పదవిలో ఉన్నంతకాలం ఆ మాట తప్పలేదు. తన బిడ్డను బతికించిన కొండవైద్యుడికి కూడా, మిగతా రోగులు లేచి కూర్చున్నాకే ఇరవై కాసులు చేతిలో పెట్టింది.