ఏడు సున్నలు ఎంత?

అనగనగా కుంభగిరి అనే రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మూడేళ్లుగా అక్కడ చినుకు పడలేదు. పొలాలు నెర్రెలిచ్చాయి, పశువులు బక్కచిక్కాయి. కారణం కంకాళుడనే మాంత్రికుడు. తన తోట ఒక్కటే పచ్చగా ఉండాలని ఆకాశంలోని మబ్బులన్నిటినీ ఒక కుండలో పట్టి, మూత బిగించి, ఏడు సముద్రాల అవతల దాచుకున్నాడు.

పెద్దకొడుకు ధవళసేనుడు వెళ్లాడు.

"కుండ కావాలా నాయనా?" అన్నాడు కంకాళుడు. "నాకు ఏడుగురు కాపలా రాక్షసులున్నారు. నువ్వో అంకె చెప్పు. నా చిలక ఏడో ఎక్కంలో ఆ వరస చదువుతుంది. లెక్క ఎంతొస్తే అంతమంది నీ మీదికొస్తారు. గెలిస్తే పట్టుకుపో, ఓడితే రాతిస్తంభమైపోతావు."

ధవళసేనుడికి తన కత్తి మీద మహా నమ్మకం. "పది!" అన్నాడు.

"ఏడు పదులు డెబ్భై" అంది చిలక. డెబ్భైమందీ మీదపడ్డారు. అతను రాతిస్తంభమైపోయాడు.

రెండోవాడు నీలసేనుడు జాగ్రత్తపరుడు. "ఒకటి" అన్నాడు.

"ఏడొకట్ల ఏడు" అంది చిలక. ఒకటితో హెచ్చవేస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పెరగదు, తరగదు. కానీ ఆ ఏడుగురే అతనికి ఎక్కువయ్యారు. రెండో స్తంభం లేచింది.

ఈ సంగతంతా ఒక కొంగ వచ్చి చెప్పింది. మూడోవాడు అరుణసేనుడు ప్రయాణం కట్టాడు.

"నువ్వూ పోతే నాకెవరున్నారురా?" అన్నాడు రాజు.

"పోకపోతే ఊళ్లో ఎవరు మిగులుతారు నాన్నగారూ?"

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఇసుక తవ్వుతూ ఎవర్నో తిడుతోంది.

"ఏమైంది అవ్వా?"

"ఏడు గుంటలు తవ్వి గుంటకో గుడ్డు పెట్టాను. పాడు నక్క తినిపోయింది. ఇప్పుడు గుంటకు సున్న."

"అయితే మొత్తం ఎన్ని మిగిలాయి?"

"బుద్ధుందా నీకు? ఏడు కాదు, ఏడొందల గుంటలు తవ్వినా, గుంటకు సున్నయితే మొత్తం సున్నే!"

అరుణసేనుడు ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత కొత్త గుంటల చుట్టూ ముళ్లకంప నాటి నక్కకు దారి మూశాడు. తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడి తోటలో తరళ అనే అమ్మాయి మొక్కలకు నీళ్లు పోస్తోంది. ఆమె కంకాళుడు ఎత్తుకొచ్చిన రాకుమారి. "వాడి ప్రాణం చిలకలో ఉంది" అని రహస్యంగా చెప్పింది. "కాపలావాళ్లు ఉన్నంతసేపూ పంజరం ముట్టుకోలేం."

అరుణసేనుడు కంకాళుడి ఎదుట నిలబడ్డాడు. "నా అంకె సున్న" అన్నాడు.

కంకాళుడు గడ్డం గోక్కున్నాడు. "ఎక్కం ఒకటితో మొదలవుతుంది కుర్రాడా. సున్నని ఎవరూ చదవరు."

"అంకె చెప్పమన్నారు, చెప్పాను. భయమేస్తోందా?"

"నాకా! సున్న అంటే ఏమీ లేదు. ఏమీ లేనిదానితో హెచ్చవేస్తే ఏం మారుతుంది? ఏడుగురూ ఏడుగురే. చదవవే చిలకా!"

చిలకకు తప్పు లెక్క నోట పలకదు. "ఏడు సున్నలు సున్న" అంది.

కాపలావాళ్లు మాయమయ్యారు. ఒక్కడి మీసం కూడా మిగల్లేదు. కంకాళుడు తేరుకునేలోపు తరళ పంజరం లాక్కుంది.

"మా అన్నల్ని లేపు, కుండ మూత తియ్యి" అన్నాడు అరుణసేనుడు.

ప్రాణం దక్కితే చాలని కంకాళుడు రెండూ చేశాడు.

"నా మెడ పిసుకుతారా?" అంది చిలక. "నేను ఎక్కమేగా చదివాను!"

"పిసకం. మాతో రా" అంది తరళ. ప్రాణం ఆమె చేతిలో ఉన్నంతకాలం కంకాళుడు మళ్లీ మబ్బుల జోలికి పోలేదు.

వాళ్లకంటే ముందే వాన కుంభగిరి చేరింది. తడుస్తూనే అరుణసేనుడు, "నన్ను పెళ్లాడతావా?" అని అడిగాడు.

"పంట ఇంటికొచ్చాక అడుగు. ఇప్పుడు విత్తనాలు చల్లాలి" అంది తరళ.

అన్నదమ్ములు ముగ్గురూ ఊరివాళ్లతో కలిసి నాగలి పట్టారు. కోతలయ్యాయి, ధాన్యం గాదెల్లోకి చేరింది. ఆ రోజే అతను మళ్లీ అడిగాడు.

"మర్చిపోయావేమో అనుకున్నాను" అంది తరళ.

పెళ్లిలో రాజ్యమంతా కొత్తబియ్యం అన్నం తింది. అన్నలిద్దరూ ఇష్టపడి సింహాసనం తమ్ముడికే ఇచ్చారు. అరుణసేనుడూ తరళా మనవలు ముసలివాళ్లయ్యేదాకా కుంభగిరిని చల్లగా ఏలారు.