పలకని మనిషి

విరూపాక్షయ్యగారిని శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. "పద, నడుస్తూ మాట్లాడుకుందాం" అనేవారు. తీరా నడిచేటప్పుడు నోరు విప్పేవారు కాదు. ఆయన దగ్గర కొంతకాలం ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు గనుక జవాబు కోసం తొందరపెట్టేవాళ్లు కాదు.

కోదండపాణి తొందరపెట్టాడు. అతను అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాడు. భార్య విషజ్వరంతో పోయాక ఆ ఇంట్లో ఉండలేక, కూతురు జలజను అక్కగారింట్లో వదిలిపెట్టి, విరూపాక్షయ్యగారిని వెతుక్కుంటూ వచ్చేశాడు. ఉపవాసాలు అలవాటయ్యాయి, నేలమీద పడక అలవాటయింది, జపం కూడా కుదిరింది. ఒక్కటే కుదరలేదు. ఏ ఊరి మీదుగా పోతున్నా, ఏ ఆడపిల్ల గొంతయినా "నాన్నా" అని కేకేస్తే అతని తల తనంతట తానే అటు తిరిగేది. తిరిగాక సిగ్గుపడేవాడు.

కర్నూలు సీమలో సున్నపురాయి గుట్టల మధ్య వాళ్లిద్దరూ కాలినడకన వెళుతున్న రోజుల్లో, ఒక సత్రం అరుగు మీద అతను గురువుగారిని నిలేశాడు.

"అయ్యగారూ, అన్నీ వదిలి వచ్చాను. పిల్ల మీద బెంగ మాత్రం పోవడం లేదు. పొద్దున్నే కళ్లు మూసుకుంటే దాని జడే కనిపిస్తుంది. వాళ్లమ్మ పోయాక నేనల్లిన జడ, ఒక పక్కకి వంకరపోయి ఉండేది. ఈ బెంగ ఉన్నంతకాలం నేను మీ దగ్గరికి వచ్చీ రానట్టే కదా? దీన్ని ఎలా చంపుకోవాలి?"

విరూపాక్షయ్యగారు అప్పుడే విప్పిన చెప్పులు మళ్లీ వేసుకున్నారు.

ఎండ ముదిరే వేళకు ఒక గుట్ట కింద చింతచెట్టు నీడ దొరికింది. అక్కడ ఓబుళమ్మ అనే ఆవిడ మేకలు మేపుకుంటోంది. గుట్టలో గుహ ఉందనీ, లోపల రాతి మీద ఎప్పుడూ నీటిచుక్క పడుతూ ఉంటుందనీ, దాన్ని తమ ఊరివాళ్లు శివుడని మొక్కుతారనీ చెప్పింది. దారినపోయేవాళ్లు అడిగితే తానే తీసుకెళ్లి చూపిస్తుందట.

"నా మోకాళ్లు ఒప్పుకోవు. నువ్వు వెళ్లి చూసి రా నాయనా" అన్నారు గురువుగారు.

కోదండపాణి అంతవరకు గుహ అన్నది చూడలేదు. గుడిలాగా ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే అది పొట్ట మీద పాకితే తప్ప దూరలేని బొరియ. లోపలికి పోగానే నెత్తి టక్కున రాతికి కొట్టుకుంది.

"తల గాదు సామీ, ముందు చెయ్యి పోనీ" అంది ముందు పాకుతున్న ఓబుళమ్మ. ఆవిడ చేతిలో ఒక బ్యాటరీ లైటు, అతని చేతిలో ఒకటి.

గబ్బిలాల కంపు కొట్టింది. లోపల చల్లగా ఉంటుందనుకున్నాడు గానీ వంటింట్లోలాగా ఉక్కపోసింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాస్త దూరం పోయేసరికి ఒక్కసారిగా పైకప్పు పైకి లేచింది. లైటు వేసి చూస్తే రాళ్లు ఆరేసిన చీరల్లా మడతలు మడతలుగా వేలాడుతున్నాయి. నడుమ మోకాలెత్తు రాయి, దాని మీద చుక్క. చుక్క పడిన చప్పుడు ఎంతోసేపు నిలిచింది. కోదండపాణి చెవి రిక్కించాడు. ఇంతకాలం వెతికిన నిశ్శబ్దం ఇక్కడ దాక్కుందా అనిపించింది.

"ఆ ఎడమపక్క సందులోకి మాత్రం పోవద్దు సామీ. దాంట్లో మళ్లీ సందులుండాయి" అని చెప్పి, ఓబుళమ్మ కొంగు కప్పుకుని రాయి ముందు కళ్లు మూసుకుంది.

ఆవిడ కళ్లు తెరిచేలోగా వచ్చేద్దామనే అతను ఎడమపక్క సందులోకి దూరాడు. చుక్క చప్పుడు కూడా వినపడని చోటు కావాలనిపించింది. ఒక మలుపు తిరిగాడు, ఇంకోటి తిరిగాడు. చప్పుడు ఆగిపోయింది. కూర్చుని లైటు ఆర్పేశాడు.

అప్పుడు అతనికి బెంగ పోయింది.

నిజంగానే పోయింది. కళ్లు మూసినా తెరిచినా ఒకటే చీకటి. అందులో జడ లేదు, అక్కగారిల్లు లేదు, అద్దంకి లేదు. ఒంట్లో ఎక్కడా బరువు లేదు. దీనికోసమే కదా వచ్చాను అనుకున్నాడు. ఎంతసేపు గడిచిందో, దూరం నుంచి "సామీ, ఓ సామీ" అని వినిపించింది. పలికితే ఇదంతా చెదిరిపోతుందని ఊరుకున్నాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ ఊరుకున్నాడు. కొంతసేపటికి పిలుపు ఆగిపోయింది.

ఇక లేద్దామని లైటు కోసం తడిమితే చేతికి తగిలి జారింది. రాళ్ల మధ్య ఎక్కడో లోతుకి దొర్లుకుంటూ పోయిన చప్పుడైంది. ఏ వైపు నుంచి వచ్చాడో తెలియలేదు. విచిత్రం ఏమిటంటే అతనికి భయం కూడా కలగలేదు. ఇక్కడే ఉండిపోతే ఎవరికేం నష్టం, అనిపించింది. వెనక్కి జారగిలబడ్డాడు.

బయట ఓబుళమ్మ వగరుస్తూ చింతచెట్టు దగ్గరికి వచ్చింది. "ఆ సామి పలకడంలేదయ్యా. సందులో పడిపోయినాడో ఏమో. నేను పోతే నేనూ తప్పిపోతా. సందుకాడ నిలబడి పిలుచ్చాంటే దారి దొరకబుచ్చుకుంటాడు. సామీ అంటే పలకడంలే. ఆయప్ప పేరేంది?"

విరూపాక్షయ్యగారు లేచి నిలబడ్డారు.

"అతనికో కూతురుంది. జలజ."

ఓబుళమ్మ ఇంకేమీ అడగలేదు. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు మగవాళ్లను పిలిచేది బిడ్డల పేర్లతోనే. వెనక్కి పాకి పోయి, ఎడమపక్క సందు మొదట్లో నిలబడి, ఇరుగింటి మనిషిని కేకేసినట్టు కేకేసింది.

"జలజ నాయనా! ఓ జలజ నాయనా!"

"ఆఁ!"

ఎవరు పలికారా అని కోదండపాణే ఉలిక్కిపడ్డాడు. తన గొంతే. ఆ వెంటనే ఎక్కణ్ణుంచి వచ్చిందో, బెంగ అంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. దాంతోపాటే భయమూ వచ్చింది. పిల్ల అక్కడ, తానిక్కడ, మధ్యలో ఇంత రాయి. ఏడుస్తూ పాకడం మొదలుపెట్టాడు. మోచేతులు గీరుకుపోయాయి. ఒకచోట సందు మూసుకుపోతే వెనక్కి వచ్చి మళ్లీ విన్నాడు.

"ఇట్లా రా జలజ నాయనా! పలుకుతా రా!"

"వస్తున్నా! వస్తున్నానమ్మా!"

ఓబుళమ్మ చెయ్యి దొరికేదాకా పలుకుతూనే పాకాడు.

బయట వెలుతురులో పడ్డాక ఆవిడ మొదట తిట్టింది. "గొంతు పోయేట్టు పిలుచ్చాంటే పలకవేంది? నీకేమన్నా అయింటే నేనేం జవాబు చెప్పేది?" అని కళ్లొత్తుకుంది. తర్వాత తన నీళ్లచెంబు అతని చేతికిచ్చి, "ఎంత పిల్ల?" అని అడిగింది.

కోదండపాణి అరచెయ్యి నేలకు కొంత ఎత్తులో పట్టి చూపించాడు. తర్వాత ఆ చెయ్యి కొంచెం పైకి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. తాను వచ్చేశాక ఎంత ఎదిగి ఉంటుందో తెలియక, చెయ్యి ఎక్కడ ఆపాలో అర్థం కాలేదు. అది రకారం పలకలేదనీ, 'రాముడు' అనడానికి 'లాముడు' అంటుందనీ, ఇప్పటికి ఆ అలవాటు పోయి ఉంటుందేమో అనీ, ఎవరూ అడగకుండానే చెబుతూ పోయాడు. మేకలు దూరంగా పోతున్నా ఓబుళమ్మ కదలకుండా విన్నది. విరూపాక్షయ్యగారు కూడా విన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరూ బస్సు రోడ్డు ఎక్కారు. గురువుగారి దారి కొండలవైపు. కోదండపాణి మాత్రం ఎదురుదిక్కున నిలబడి దూరంగా బస్సు దుమ్ము లేస్తుందా అని చూస్తున్నాడు. అటు చూస్తూనే అడిగాడు.

"అయ్యగారూ, ఆవిడ నా పేరే అడిగిందట కదా. మీరు దాని పేరెందుకు చెప్పారు?"

విరూపాక్షయ్యగారు అతని భుజం మీది సున్నపు దుమ్ము దులిపారు.

"నువ్వు నిజంగా ఉన్న చోటికి కబురు పంపాలి కదా, నాయనా."