సేప వంపు

అనగా అనగా, సంద్రం ఇప్పటికన్నా మూడు కొబ్బరితోటల అవతలుండే రోజుల్లో, ఒక రేవులో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. పెద్దోడు దానయ్య, సేపల ఏటకెళ్ళేవోడు. సిన్నోడు నూకన్న. పుట్టుకతోనే ఒక కాలు సచ్చుబడింది, పడవెక్కలేడు. ఒడ్డున కూకుని వలలు బాగుసేసేవోడు. వొచ్చిన సేపల్ని సూసేవోడు, సూసేవోడు, కళ్ళు మూసుకునేవోడు.

"ఏటిరా, నిద్దరా?" అని అన్న అడిగితే, "కాదన్నా. కళ్ళు మూస్తే ఏటి మిగిలిందో సూస్తన్నాను" అనేవోడు.

పడవలకి బొమ్మలేసేదీ నూకన్నే. తెల్ల సున్నం, ఎర్ర జాజు, నల్ల మసి. అవే ఆడి రంగులు.

దానయ్య పడవకి మొదటేడు సేప బొమ్మేసినాడు. పొలుసుతో, రెక్కతో, కన్నుతో. ఒడ్డంతా మెచ్చుకుంది. రెండో ఏడు పొలుసు తీసేసినాడు. ఒడ్డు ఊరుకుంది. మూడో ఏడు రెక్క లేదు, కన్ను లేదు. పడవ ముక్కుమీద తెల్లగా ఒకటే వంపు గీత.

"దానయ్యా, మీ తమ్ముడు సేపని తినేసి ముల్లు నీకొదిలేసినాడేటి?" అన్నాడొకడు. ఒడ్డంతా నవ్వింది.

దానయ్యకి తల కొట్టేసినట్టయింది. "సేప ఏదిరా?"

"అదే అన్నా. మూడేళ్ళు పట్టింది. ఇంక తీయడానికేటీ లేదు."

దానయ్య ఆల్చిప్ప తీసుకుని, తమ్ముడి ఎదటే ఆ గీత గీకేసినాడు.  నూకన్న మళ్ళీ కుంచె పట్టలేదు. ఆ వానల్లోనే జొరమొచ్చి పోయినాడు.

కార్తీకంలో ఓ తెల్లారగట్ల దానయ్య వల లాగుతుంటే, ఒక సేప జారిపోయింది. నీళ్ళలో మెలి తిరిగింది. పొలుసు కనపడలేదు. రెక్క కనపడలేదు. కన్ను కనపడలేదు. తెల్లగా ఒకటే వంపు. అంతే, పోయింది.

దానయ్య సేతిలోంచి వల జారిపోయింది. నువ్వు సెప్పింది నిజమేరా అందామంటే, సెప్పినోడు లేడు.

ఒడ్డుకొచ్చి సున్నంలో వేలు ముంచినాడు. పడవ ముక్కుమీద మొదట గీస్తే తాడులా వొచ్చింది. రెండోసారి కొడవలిలా వొచ్చింది. రెండూ గీకేసినాడు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు. సేప కనపడలేదు. ఆల్చిప్ప కింద తన గీత రాలిపోతుంటే సూస్తా నిలబడ్డ తమ్ముడి మొకం కనపడింది. గీత వొంకరపోయింది. దాన్ని మాత్రం గీకలేదు.

ఇప్పటికీ ఆ రేవులో కొత్త పడవ నీళ్ళకి దిగేముందు, పడవగలోడు కళ్ళు మూసుకుని, సున్నపు వేలితో ముక్కుమీద ఒక గీత గీస్తాడు. ఎవరికీ కుదరదు. ముసిలోళ్ళు దాన్ని సూసి ఒకటే మాటంటారు.

"అది కాదురా. అయినా గీకకు."