పూజలో పెట్టిన పుస్తకం

ఎమ్మే సైకాలజీలో ఒకే ఒక్క పేపరు నన్ను రెండుసార్లు పడగొట్టింది. సిద్ధాంతాలు, అధ్యయనాలు, పరిశోధన పద్ధతులు అన్నీ కలిపి ఉన్న పేపరది. మూడోసారీ తప్పితే ఇక రాయనివ్వరు. అవతల చెవిటి పిల్లల బడిలో కౌన్సెలర్ ఉద్యోగం ఖాళీగా ఉంది. పాసైతే నీదే అన్నారు.

చదవక తప్పాననుకుంటున్నారేమో! విజయనగరం గంటస్తంభం గంట వినబడినంత మేర నా అంత చదువరి పుట్టలేదు. ఆ లావుపాటి పుస్తకాన్ని తొంభైసార్లు చదివాను. తొంభై ఏమిటి, నూటఇరవై. సిద్ధాంతాలకు ఎర్ర గీత, అధ్యయనాలకు పచ్చ గీత, పద్ధతులకు నీలం గీత. ఊళ్ళో ఉన్న రంగు పెన్సిళ్ళు నాకు చాలక కొట్టువాళ్ళు శ్రీకాకుళం నుంచి తెప్పించారు. గీత పడని వాక్యం ఒక్కటి చూపిస్తే మీసం తీయించేసుకుంటాను.

పరీక్ష ఐదు రోజులుందనగా, మూలా నక్షత్రం నాడు పొద్దున్నే, ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఆండాళ్ మేడమ్ ఇంటికి వెళ్ళాను. మాకు సైకాలజీ చెప్పి రిటైరైన గురువు ఆవిడ. వసారాలో కూర్చుని దసరా పూజకు బంతిపూలు గుచ్చుతున్నారు.

"రావోయ్ పైడిరాజూ. ఎంతవరకు వచ్చింది?"

"అంతా అయిపోయింది మేడమ్. ఎక్కడడిగినా చెప్తాను."

"మరపు మీద చేసిన తొలి అధ్యయనం?"

"రెండువందల పద్నాలుగో పేజీ, ఎడం పక్క, కింద నుంచి నాలుగో లైను. పచ్చ గీత. పక్కన కాఫీ మరక."

"అందులో ఏముంది?"

నోరు తెరిచాను. కాఫీ మరక కళ్ళకు కట్టింది. ఆ లైను మాత్రం కట్టలేదు. మరపు గురించిన చదువునే మరిచిపోయిన మొనగాడు ప్రపంచ చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంటిపనికి వచ్చే అప్పలనరసమ్మ వసారా తుడుస్తూ నవ్వింది. "బాబు ఆ పొస్తకంలోనే కాపరం ఉంతన్నాడమ్మా. ఏ గది ఎక్కడుందో తెలుసు. గదిలో ఏటుందో తెల్దు."

"ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది మేడమ్" అని పుస్తకం తెరవబోయాను.

మేడమ్ చెయ్యి చాపారు. ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి తీసుకెళ్ళారు. సరస్వతీదేవి పటం ముందు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచారు.

నా గుండె జారి గడప దాటి వీధిలో పడింది. మూలా నక్షత్రం నాడు పూజలో పెట్టిన పుస్తకం దశమి దాకా ముట్టుకోకూడదు, చదవకూడదు. చిన్నప్పుడు అందుకేగా ఉన్న పుస్తకాలన్నీ ఎగబడి పూజలో పెట్టేసేవాళ్ళం!

"మేడమ్, పరీక్ష!"

"పుస్తకం అమ్మవారి దగ్గరుంది. నీ దగ్గర ఏముందో చూద్దాం."

ఒక దస్తా తెల్లకాగితాలు నా ముందు పెట్టారు. "సిలబస్‌లో వంద అంశాలున్నాయి. నేను పేరు చదువుతాను, అదేమిటో నీ మాటల్లో రాయి. రానివాటికి, ఏం తెలియక ఆగిపోయావో ఆ ప్రశ్న రాసుకో. మొదలుపెట్టే ముందు, ఎన్ని రాస్తావో అంకె వేసి సంతకం పెట్టు."

"సంతకం ఎందుకు మేడమ్?"

"ఫలితం చూశాక ఊహ మార్చుకోకుండా. పరిశోధన పద్ధతే అది. దానికేం రంగు గీశావు?"

నీలం. తొంభై ఎనిమిది అని వేసి సంతకం పెట్టాను. ఆ రెండూ వినయానికి వదిలాను.

సాయంత్రానికి పదకొండు వచ్చాయి.

ఆ రోజు నాకు పట్టిన చెమటకు చంపావతి నది రెండు గట్లూ తెంచుకుని పారి ఉండాలి. అంకెల్లో మాత్రం ఒక్కటి కూడా పెంచి చెప్పడం లేదు. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

మర్నాడు వెళ్ళకూడదనే అనుకున్నాను. కాళ్ళు తీసుకెళ్ళాయి. పదిహేను అని వేశాను. మధ్యలో కుక్కా గంటా ప్రయోగం దగ్గర ఆగిపోయి జుట్టు పీక్కుంటుంటే అప్పలనరసమ్మ టీ తెచ్చింది.

"ఏటి బాబూ, అంత కష్టం?"

చెప్పాను. కూడు పెట్టేముందు రోజూ గంట కొడితే, కొన్నాళ్ళకి గంట వినగానే కుక్కకు నోరూరుతుందని.

"ఊఁ. మరి గంట కొట్టి కూడెట్టకపోతే ఎన్నాళ్ళు నమ్ముద్ది?"

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. దాని జవాబు పుస్తకంలో ఉంది, ఎర్ర గీత కింద. నూటఇరవైసార్లు చూశాను. అది ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న అని ఒక్కసారీ తోచలేదు. టీ చల్లారిపోయింది. నమ్మకం కొంచెం కొంచెంగా ఎలా చల్లారుతుందో, కొన్నాళ్ళాగి గంట కొడితే మళ్ళీ ఎలా తలెత్తుతుందో రాసుకుంటూ పోయాను.

ఆ రోజు ఇరవై తొమ్మిది.

మూడో రోజు నలభై ఐదని వేస్తే నలభై ఆరు వచ్చాయి. మేడమ్ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"దగ్గరికొస్తున్నావు."

"పాసు మార్కులకా మేడమ్?"

"నీకు."

ఇక దశమి. పూజ అయ్యాక మేడమ్ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. కుంకుమ అట్టకు అంటుకుని ఉంది. మునుపటి నేనైతే మొదటి పేజీ తెరిచి నూటఇరవై ఒకటో చుట్టు మొదలుపెట్టేవాణ్ణి.

జేబులోంచి కాగితం తీశాను. యాభై నాలుగు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు వెతికాను. దొరికింది. పుస్తకం మూసేసి, నా మాటల్లో రాసి, మళ్ళీ తెరిచి సరిచూసుకున్నాను. ఒకచోట తప్పింది. కొట్టేసి మళ్ళీ రాశాను. రెండోది. మూడోది. ఎప్పుడు ఎండ వసారా దాటిపోయిందో తెలీదు.

"బాబూ, జమ్మి కాడికి రావేటి?" వీధిలోంచి అప్పలనరసమ్మ కేకేసింది. నేను వినిపించుకోలేదట. మళ్ళీ కేకెయ్యబోతే మేడమ్ వేలెత్తి ఆపారట.

"పిలవకే. ఇన్నాళ్ళకి చదవడానికి కూర్చున్నాడు."