నక్క నేర్పిన సైకిలు గుర్తులు

రైసుమిల్లుకి తారురోడ్డు వేసిన మర్నాటి నుంచి ఆ పక్కన బతికే జీవాలకి కొత్త కష్టం వచ్చిపడింది. మట్టిబాట ఉన్నప్పుడు సైకిళ్లు గతుకుల్లో లొడలొడమంటూ వచ్చేవి. ఆ మోత విని పక్కకి తప్పుకునే తీరిక దొరికేది. తారు మీద మోత లేదు. పైగా రోడ్డు నున్నగా ఉందని, బుద్ధెరిగినప్పటి నుంచీ సైకిలు ముట్టనివాళ్లు కూడా నేర్చుకోవడానికి అక్కడికే రావడం మొదలుపెట్టారు.

రోడ్డుకి ఇవతల ఎడ్లపాక. అందులో ఒక ముసలి ఎద్దు, దాని గాటి పక్కన చుక్కలకోడి, కోడి పిల్లలు. రోడ్డుకి అవతల మిల్లు, మిల్లు వెనక తవుడూ నూకలూ కలిసిన పెద్ద గుట్ట. కోతలైపోయి ఇవతల గింజ దొరకడం లేదు. పిల్లలకి తిండి కావాలంటే రోడ్డు దాటాలి. మొన్న దాటబోయి ఒక పిల్ల చక్రం కింద తోక ఈకలు పోగొట్టుకుంది. అప్పటి నుంచి తల్లి వాటిని పాక గుమ్మం దాటనివ్వలేదు. పిల్లలు ఆకలికి కీచుకీచుమని ఏడుస్తుండేవి.

ఈ సంగతి మలుపు దగ్గర తుమ్మపొదలో కాపురముండే నక్కకి తెలిసింది. పక్కవాళ్ల ఇబ్బందులు తెలుసుకోవడమే దాని వృత్తి. నేరుగా పాకలోకి వెళ్దామంటే ఎద్దు కొమ్ము ఒకసారి రుచి చూసి ఉంది. అందుకని కోడి రోడ్డు వారకి వచ్చినప్పుడు, పొదలోంచి మూతి మాత్రం బయటపెట్టి పలకరించింది.

"ఏం వదినా, అలా చిక్కిపోయావు?"

"పిల్లలు పస్తులుంటే నాకు మెతుకు దిగుతుందా మరిదీ? అదిగో తిండి, ఇదిగో మేము. మధ్యలో ఈ రోడ్డొకటి."

"ఓస్, ఇంతేనా! సైకిలు తొక్కేవాళ్లలో రెండు రకాలుంటారు వదినా. చేయి తిరిగినవాడు ఒకడు, కొత్తగా నేర్చుకునేవాడు ఒకడు. చేయి తిరిగినవాడికి ఎదురెళ్లినా పర్లేదు, తప్పించుకుని పోతాడు. కొత్తవాడు వస్తుంటే మాత్రం గుమ్మం దాటకూడదు."

"ఎవరు ఎవరో నాకెలా తెలుస్తుంది?"

"నేనున్నానుగా. అదిగో చూడు."

పాలక్యాన్లు తగిలించుకుని నూకయ్య వస్తున్నాడు. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకున్నాడు, రెండో చేత్తో చెవి గోక్కుంటున్నాడు. చూపు పొలాల మీద ఉంది. ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"చూశావా?" అంది నక్క జాలిగా. "హ్యాండిలు రెండు చేతులతో పట్టుకోవాలని కూడా తెలీదు పాపం. చూపు రోడ్డు మీద లేదు. బెల్లు లేదు. పచ్చి కొత్తవాడు."

కోడి బెదిరి నాలుగడుగులు వెనక్కి వేసింది.

కాసేపటికి మిల్లు గుమాస్తా పరాంకుశం వచ్చాడు. ప్యాంటు అంచులు రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. మోచేతులు కర్రల్లా చాపి, నాలుక పళ్ల మధ్య నొక్కిపెట్టి, ముందు చక్రాన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. రోడ్డు మీద ఈగ కూడా లేదు. అయినా బెల్లు మోగుతూనే ఉంది.

"అదీ పెద్దరికమంటే!" అంది నక్క. "రెండు చేతులూ హ్యాండిలు మీదే. పక్కచూపులు లేవు. ఎవరూ లేకపోయినా బెల్లు కొడుతున్నాడంటే ఎంత జాగ్రత్తపరుడో చూడు. రేపు పొద్దున్న ఈయన వచ్చేవేళకి పిల్లల్ని తీసుకుని నడిరోడ్డు మీద నిదానంగా నడిచిపో."

పరాంకుశం మిల్లు ముందు కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని సైకిలు దిగాడు.

"దిగడానికి స్తంభం దేనికి మరిదీ?"

"అలవాటు వదినా. పెద్దవాళ్ల అలవాట్లు మనం అడక్కూడదు."

కోడి పాకలోకి వచ్చి ఎద్దుకి అంతా చెప్పింది. ఎద్దు నెమరు ఆపకుండానే విన్నది.

"తాతా, నక్క మరిది చెప్పింది నిజమేనా?"

"గుర్తులన్నీ నిజమే తల్లీ. పేర్లు తారుమారు చేశాడు."

"అంటే?"

"చేయి తిరిగినవాడికి తాను సైకిలు మీద ఉన్నట్టే గుర్తుండదు. కొత్తవాడికి అదొక్కటే గుర్తుంటుంది. ఖాళీ రోడ్డు మీద బెల్లు కొట్టడం జాగ్రత్త కాదమ్మా, నన్ను తప్పించుకోండి బాబూ అని కాళ్లావేళ్లా పడటం. ఇంకొకటి చెబుతా విను. కొత్తవాడు దేన్ని గుద్దుతానేమోనని భయపడతాడో దాన్నే చూస్తాడు. దేన్ని చూస్తే దాని మీదికే పోతాడు. నేను బండి లాగే రోజుల్లో, అంత రోడ్డు ఖాళీగా పెట్టుకుని నా మూతి వెతుక్కుంటూ వచ్చి గుద్దినవాళ్లున్నారు."

"మరి ఆ గుమాస్తా ఎదటికి నా పిల్లల్ని నడిపించమన్నాడేం?"

"పరామర్శకి అందరికంటే ముందు వచ్చేది ఆ నక్కే కనక."

కోడికి ఒళ్లు మండిపోయింది. వెంటనే ఏడుపొచ్చింది. పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"తాతా, మనుషులకి నక్క కనపడితే ఏం చేస్తారు?"

"కళ్లప్పగించి చూస్తారు. నక్క కనపడితే కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. ఒకసారి మా రైతు పగ్గాలు వదిలేసి మరీ చూశాడు. బండి రోడ్డు పక్క కాలవ బోదెలో పడింది."

మర్నాడు పొద్దున్నే కోడి పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్డు వారకి వచ్చింది. పిల్లల్ని గడ్డిలో కూర్చోబెట్టి నక్కని పిలిచింది.

"మరిదీ, ఇవి ఒకటే మారాం. అడుగు వెయ్యం అంటున్నాయి. నువ్వు అవతలి అంచున నిలబడి పిలిస్తే ధైర్యంగా వస్తాయి."

నక్క లెక్క వేసుకుంది. కోళ్లు నడిరోడ్డు మీద ఉంటాయి, తను అంచున ఉంటుంది. దెబ్బ వాటికి, భోజనం తనకి. పైగా ఎంతో దూరం పరిగెత్తనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ మనుషులకి కనపడకుండా తిరిగిన జంతువు అది. కనపడితే ఏమవుతుందో దానికి తెలిసే వీల్లేదు.

"పిల్లల కోసం ఆ మాత్రం చెయ్యలేనా వదినా!" అని అవతలికి వెళ్లి నిలబడింది.

"తోక కూడా కాస్త ఊపు మరిదీ. చిన్నవాళ్లు, ఆనవాలు తెలుస్తుంది."

నక్క తోక ఊపింది. అంతలో బెల్లు వినపడింది. పరాంకుశం వస్తున్నాడు. కిలోమీటరు రాయిని చూసి అటు వంగాడు, ఎలాగో తప్పించుకున్నాడు. తలెత్తాడు. ఎదురుగా, పట్టపగలు, తోక ఊపుతున్న నక్క. అతని మొహం వెలిగిపోయింది. బెల్లు ఆగిపోయింది.

సైకిలు నక్క వైపు తిరిగింది.

"వదినా, ఈయన ఇటొస్తున్నాడేంటి?"

"చేయి తిరిగినవాడు కదా మరిదీ, తప్పించుకుని పోతాడు. నిదానంగా నిలబడు."

నక్క ఎడమకి దూకింది. పరాంకుశం చూపు ఎడమకి తిరిగింది, సైకిలూ తిరిగింది. కుడికి దూకింది. సైకిలు కుడికి వచ్చింది. "వదినా, బ్రేకు వెయ్యమను!" అని నక్క అరిచింది. పరాంకుశానికి బ్రేకు పాఠం ఇంకా రాలేదు. ముందు చక్రం, దాని వెనకే వెనక చక్రం, తోక మీదుగా సావకాశంగా ఎక్కి దిగాయి. ఆపైన సైకిలు, గుమాస్తా, నక్క ముగ్గురూ బోదెలో పడ్డారు.

ముందుగా లేచింది నక్కే. కుయ్యోమంటూ మూడు కాళ్ల మీద పొలాలకి అడ్డం పడి పారిపోయింది. పరాంకుశం బురదలో కళ్లజోడు వెతుక్కుని లేచాడు. నక్క తోక తొక్కాను, ఇక నాకు తిరుగులేదని మిల్లులో ఆ రోజంతా చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం స్తంభాన్ని వదిలి గేటుని గుద్దాడు.

కోడి పిల్లల్ని తీసుకుని రోడ్డెక్కింది. సగం దాటేసరికి నూకయ్య చెవి గోక్కుంటూ వచ్చాడు. పిల్లలు బిగుసుకుపోయాయి. "నడవండి, ఈయన పర్లేదు" అంది తల్లి. నూకయ్య వాటివైపు చూడనైనా చూడలేదు, కూనిరాగం ఆపలేదు. సైకిలు వాటి చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. ఆ పూట పిల్లలు కడుపునిండా నూకలు తిని, ఎండలో గుట్ట మీదే నిద్రపోయాయి. తల్లి వాటి పక్కన కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

నక్క మాత్రం తోకకి ఆకుపసరు కట్టుకుని పొదలో పడుకుంది. దాన్ని పరామర్శించడానికి ఎవరూ రాలేదు.

ఇందులో నీతి: ఎదుటివాళ్లని ముంచడానికి మనం ఆడిన అబద్ధం, మన ఆపదలో మనకే సలహాగా తిరిగొస్తుంది.