కొండ కింద ఎర్ర చుక్క

హేమాద్రికి ఒకటే దిగులు. గురువుగారి దగ్గర చేరి మూడో చలికాలం వచ్చేసింది. ఆయన ఇంతవరకూ హేమాద్రి తీసిన ఫోటో ఒక్కటి కూడా గోడకెక్కించలేదు.

గురువుగారంటే కూర్మారావుగారు. శ్రీకాకుళం వైపు మనిషి. ఎప్పుడో ఓడ ఉద్యోగంలో ఉండగా ఐస్‌లాండ్ రేవులో దిగి, అక్కడి నల్లకొండల్ని చూసి, మళ్ళీ ఓడెక్కడం మరిచిపోయారు. అగ్నిపర్వతాల ఫోటోలు తీయడంలో ఆయనకు మంచి పేరుంది. ఏటా ఊరి హాల్లో ప్రదర్శన పెడతారు. అందులో శిష్యుల ఫోటో ఒక్కదానికే చోటు.

హేమాద్రి ప్రొద్దుటూరులో పెళ్ళిఫోటోల స్టూడియో మూసేసి వచ్చినవాడు. చెరపడంలో అతన్ని మించినవాడు లేడు. పెళ్ళికూతురి మొటిమల సంగతి సరే, పెళ్ళయ్యాక తగవుపడ్డ మేనమామల్ని సైతం ఆల్బంలోంచి మాయం చేసి, వాళ్ళున్నచోట అరటిచెట్లు మొలిపించిన ఘనుడు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ఇక్కడికొచ్చాక కొండల్ని కడగడం మొదలుపెట్టాడు.

ప్రదర్శన రేపనగా తన ఫోటో పట్టుకొచ్చాడు. ఈసారి కూడా కాదంటే మూటాముల్లె సర్దుకుని ఊరెళ్ళిపోవడమే అని నిశ్చయించుకున్నాడు.

నల్లటి కొండ. మీద మంచు చారలు. పక్కనుంచి ఆవిరి. ఇంకేమీ లేదు. గురువుగారు చాలాసేపు చూశారు.

"ఏటేటి తీసేసావురా?"

"కంచె తీసేసినా సార్. గొర్రెలు తీసేసినా. ఒక జీపు. ఆ, కొండ కింద ఒక ఎర్ర చుక్క కూడా. పెద్దది చేసి చూస్తే ఎవుడో మనిషి. ఎర్ర టోపీ పెట్టుకుని ఆ చలిలో కదలకుండా నిలబడినాడు. పనీపాటా లేనోడు. తుడిచి పారేసినా."

"అది నేనేరా."

హేమాద్రి నాలిక కరుచుకున్నాడు. ఫోటో తీసిన రోజు అలా తిరిగొస్తానని వెళ్ళిన మనిషి ఆ ఈదురుగాలిలో అంతసేపు ఎందుకు నిలబడ్డాడో అతనికి అర్థం కాలేదు. అయినా కళ దగ్గర మొహమాటం పనికిరాదనుకున్నాడు.

"తప్పుగా అనుకోవద్దండి సార్. మీరు లేకుంటేనే బాగుంది."

"అలాగేటి," అన్నారు గురువుగారు. కాఫీ పెట్టుకుంటానని లోపలికి వెళ్ళిపోయారు.

కాసేపటికి మరో ఫోటో తెచ్చి, హేమాద్రి ఫోటో పక్కన పెట్టారు.

అదీ నల్లకొండే. కానీ ఎంత కొండ! అంచులు విరిగి, లోయలు చీలి, శిఖరం మీద సన్నగా మంచు రాలి, నడుమలోంచి ఆవిరి లేస్తోంది. హేమాద్రి తన ఫోటో వంక చూసుకున్నాడు. దీని ముందు తనది చీమలపుట్ట. ఈ జన్మలో ఇలాంటిది తీయలేనని ఏడుపొచ్చినంత పనైంది.

"యాడిది సార్ ఈ కొండ?"

"దగ్గిరే."

"ఇప్పుడే పోదాం సార్, వెలుతురు ఉండంగానే!"

"పద మరి."

హేమాద్రి కోటు మీద కోటు తొడిగాడు. ముక్కు దాకా మఫ్లరు బిగించాడు. కెమెరా సంచీ, స్టాండు భుజానికెత్తుకున్నాడు. మంచులో జారకుండా బూట్ల కింద ఇనుప ముళ్ళు కూడా తగిలించాడు. గురువుగారు బనీను మీద కప్పుకున్న శాలువాతోనే లేచి వంటింట్లోకి నడిచారు. వెనకాలే హేమాద్రి, చెక్క నేల మీద టకటకలాడుతూ వెళ్ళాడు.

గట్టు మీద ఒక పళ్ళెం ఉంది. పళ్ళెంలో, డికాక్షన్ తీసేశాక మిగిలిన కాఫీ పిప్పి బోర్లించి ఉంది. దాని మీద చిటికెడు బియ్యప్పిండి. ఇంకా కాస్త ఆవిరి వస్తోంది.

గురువుగారు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"ఎక్కు," అన్నారు.

హేమాద్రి వంగి పళ్ళేన్ని చూశాడు. తర్వాత వెళ్ళి, చేతి తొడుగులు విప్పి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి కొత్త ప్రింటు తెచ్చి ఇచ్చాడు. కొండ ఇప్పుడు భయం వేసేంత ఎత్తుగా ఉంది.

కూర్మారావుగారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోటో కింది అంచు వెంట వేలు జరుపుతూ వెతికారు.

"ఆఁ, ఉన్నాను," అన్నారు. "సుత్తి తే."